నాలుగు మూలల దుంగ

నా ఉద్యోగ జీవితం మొత్తం నాలుగున్నరేళ్ళు. అందులో చివరి ఆరు నెలలు ప్రసూతి సెలవు. ఇంతమాత్రం దానికి జ్ఞాపకాలేమిటని మా ఆయన అడిగారు. పాప పడుకున్నాక నేను ఖాళీగా ఉంటే, దానికి ఊపిరి ఆడుతోందా లేదా అని పదిసార్లు వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది లేస్తుంది. ఏదో ఒకటి రాసుకుంటూ కూర్చుంటే అందరికీ నిద్ర ఉంటుందని చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు.

పోయిన వారం నా పాత కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, బయటి దేశం నుంచి ఒక ఆర్టిస్టు వస్తున్నారు. నువ్వు ఒకసారి ఇలాంటిది చూసుకున్నావట కదా. చెక్‌లిస్ట్ ఏమైనా ఉందా?" అంది. ఉంది. వీసా, గది, తిండి, పనిముట్లు, దగ్గర్లోని ఆసుపత్రి. పంపించాను. పంపాక చూసుకుంటే, అప్పుడు జరిగిన అసలు పొరపాటు ఆ జాబితాలో ఎక్కడా లేదు. అందుకని ఇది ఆ అమ్మాయికీ, ఇలాంటి ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చిన మిగతావాళ్ళకీ రాస్తున్నాను.

మాది బెంగుళూరులో ఒక చిన్న చేతిపనుల కేంద్రం. పైన ప్రదర్శన గది, కింద పెరట్లో రేకుల షెడ్డు. నా హోదా పేరు పెద్దదే కానీ పని మాత్రం ఒక్కటే: ఒకరికి ఏం కావాలో కనుక్కుని ఇంకొకరికి చెప్పడం. కేంద్రం నడిపే మేడంకి ఇంగ్లీషు, హిందీ. షెడ్డులో పనిచేసేవాళ్ళకి కన్నడ, తెలుగు. మధ్యలో నేను. మాది అనంతపురం వైపు. కన్నడ బాగానే అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్ళు జాలిపడి తెలుగులోకి మారిపోతారు.

ఆ ఏడాది టాంజానియా నుంచి ఒక మకొండె శిల్పి మూడు వారాల కోసం వచ్చారు. మకొండెలు ఆ దేశపు దక్షిణాన, మొజాంబిక్ సరిహద్దు దగ్గరి వాళ్ళు. నల్లటి చేవ కట్టెలో బొమ్మలు చెక్కుతారు. వాళ్ళ స్తంభాల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఒకే దుంగలో మనుషుల మీద మనుషులు ఉంటారు. ఒకరి భుజం మీద ఇంకొకరి కాలు, ఒకరి నడుం చుట్టూ మరొకరి చెయ్యి, అందరికీ పైన ఒక పెద్దావిడ. ఎక్కడా అతుకు ఉండదు. చూస్తే పొద్దున తొమ్మిదింటికి మారతహళ్ళి వంతెన దగ్గర ఆగిన బస్సు గుర్తొస్తుంది. కాకపోతే ఇందులో ఎవరూ విసుక్కోరు.

శిల్పికి యాభై దాటి ఉంటాయి. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఎంచి మాట్లాడేవారు. ఆయన సంచిలో చిన్న గొడ్డలిలాంటి ఒక బాడిస, ఏడెనిమిది ఉలులు, రెండు ఆకురాళ్ళు, ఒక చొక్కా ఉన్నాయి. మొదటి రోజే మేడం ఆయనను డ్రాయింగ్ అడిగారు. ఏం చెక్కబోతున్నారో గీసి ఇస్తే పోస్టరు వేయిస్తామన్నారు.

"కట్టెను చూడలేదు కదా," అన్నారు శిల్పి.

మేడం నా వైపు చూశారు. ఆయన చెప్పింది ఇంగ్లీషులోనే. అయినా అనువాదం నా పని అన్నట్టు చూశారు. చివరికి పోస్టరు మీద 'ఒక మకొండె స్తంభం పుట్టుక' అని వేశారు.

ఆయన నన్ను 'మామా' అని పిలిచేవారు. వాళ్ళ దగ్గర ఆడవాళ్ళను మర్యాదగా అలాగే, అమ్మా అన్నట్టు పిలుస్తారట. అప్పటికి నాకు రెండో నెల. ఆ సంగతి మా ఆయనకీ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకి పొడిగించాలి. పొడిగిస్తేనే సెలవు, సెలవుంటేనే నా స్థానం నాకు. అందుకని ఆయన 'మామా' అన్నప్పుడల్లా ఎవరో చెప్పేశారని గుండె ఆగినంత పనయ్యేది.

వాళ్ళ దేశపు కట్టెకు అనుమతులు కుదరలేదు. దానికి దగ్గరగా ఉండేది మన తునికి చేవ అని చెప్పింది ఆచారి తాత. తునికి అంటే బీడీ ఆకుల చెట్టే. బాగా వయసైన చెట్టయితే లోపలి కట్టె బొగ్గులా నల్లగా, రాయిలా బరువుగా ఉంటుంది.

ఆచారి తాత గురించి చెప్పాలి. చిక్కపేట వెనక సందుల్లో ఎప్పటినుంచో స్థిరపడిన తెలుగు వడ్రంగి కుటుంబం వాళ్ళది. మా ప్రదర్శన గదిలో శిల్పాల కింద పెట్టే పీఠాలన్నీ ఆయన చేసినవే. జేబులో ఫోన్ ఉన్నా లేకపోయినా చేతిలో మూలమట్టం ఉండేది. మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో చూసే ఇనుప పరికరం అది. మా కేంద్రంలో ఒక్క తలుపు చట్రమూ సరిగ్గా లేదని ఆయన అభిప్రాయం. తలుపు తీసిన ప్రతిసారీ ఆ అభిప్రాయం చెప్పేవారు.

కట్టె కోసం నేనూ శిల్పీ అత్తిబెలె దగ్గర ఒక డిపోకి వెళ్ళాం. డిపో ఆయన తన దగ్గరున్న మంచి దుంగలన్నీ దొర్లించి చూపించాడు. శిల్పి మర్యాదగా తల ఊపుతూ అన్నిటినీ దాటి, గేటు పక్కన సైకిలు ఆనించి ఉన్న దుంగ దగ్గర ఆగారు. నాలుగడుగుల పొడవుంటుంది. మధ్యలో నడుం తిప్పినట్టు ఒక మెలిక, ఒక పక్క పెద్ద బుడిపె, పైన కొమ్మ విరిగిన చోట ఒక గుంత.

"అది కట్టె కాదు మేడం, అది స్టాండు," అన్నాడు డిపో ఆయన. "పదేండ్లయింది, సైకిలు ఆనించేకి పెట్టుకోనుండాము. పొయ్యిలోకి కూడా రాదు, గొడ్డలి తిరగబడతాది."

శిల్పి గోటితో గీకి చూశారు. ఒక పెచ్చు తీసి నీళ్ళ మగ్గులో వేశారు. మునిగింది. తర్వాత దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగి, అరచెయ్యి బుడిపె మీద పెట్టారు.

"ఇక్కడ అవ్వ కూర్చుంది," అన్నారు. "ఈ మెలిక వెంట ఒకడు పైకి ఎక్కుతున్నాడు. ఈ గుంతలో ఎవరో దాక్కున్నారు. ఎవరో ఇంకా తెలియదు."

బయట ఉండే తెల్లటి పొర కూడా కావాలన్నారు. నల్లటి ఒంటికి అది చీరకి అంచులాంటిదట. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను: అవ్వ ఒకరు, ఎక్కేవాడు ఒకడు, దాక్కున్నవారు తెలియదు, అంచు ఉంచాలి.

"ఏమంటా ఉండాడు?" అని అడిగాడు డిపో ఆయన. చెప్పాను. ఆయన దుంగ వైపు కాసేపు చూసి, సైకిలు తీసి జాగ్రత్తగా గోడకి ఆనించాడు.

తిరిగి వస్తూ శిల్పి ఒక చిన్న సాయం అడిగారు. దుంగ నిలబడటం లేదు. అడుగు మాత్రం సమంగా కోయిస్తే చాలు, మిగతాది ముట్టుకోవద్దు. దుంగను అటునుంచి అటే టెంపోలో ఆచారి తాత ఇంటికి పంపించాం. శిల్పిని రెండు రోజులు మైసూరు చూడ్డానికి పంపాలని మేడం ముందే ఏర్పాటు చేశారు. మర్నాడు పొద్దున ఆఫీసుకి క్యాబ్‌లో వెళుతూ నేను తాతకి ఫోన్ చేశాను. సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్ ఆగుతూ కదులుతూ ఉంది. నేను చెప్పింది ఇది:

"తాతా, ఎల్లుండికి రెడీగా ఉండాల. సమంగా చేసి పెట్టండి."

"మన గెస్టు గదమ్మా. మన మర్యాద మనం చేసుకోవాల గదా?"

"అవును తాతా," అని, డ్రైవరుకి సైగ చేసి, కిటికీ దించుకుని వాంతి చేసుకున్నాను. 'అడుగు మాత్రం' అన్న రెండు మాటలు ఎక్కడో ఆ కిటికీ దగ్గర పోయాయి.

మూడో రోజు పొద్దున తాత టెంపోతో పాటు తనే వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దుంగ మీద తెల్ల పంచె కప్పి ఉంది. ముగ్గురు పట్టి షెడ్డులోకి దించారు. శిల్పి అప్పటికే ఉలులు నూరుకుని కూర్చుని ఉన్నారు. తాత పంచె లాగారు.

లోపల నల్లటి పెట్టె ఉంది. నాలుగు పలకలు, నాలుగు పొడవాటి అంచులు. అంత నున్నటి కట్టెను నేను అంతకు ముందు చూడలేదు. కిటికీ దాంట్లో కనిపిస్తోంది. మెలిక లేదు. బుడిపె లేదు. గుంత లేదు. తెల్ల అంచు గీతంత కూడా లేదు.

తాత మూలమట్టం ఒక్కొక్క అంచుకీ ఆనించి, వెలుతురు వైపు తిరిగి నాకు చూపించారు. "ఒక్క చోట సందులోంచి వెలుతురొచ్చిందా చెప్పు. రెండు దినాలమ్మా. మూడు రంపం బ్లేడ్లు పోయినాయి. చిత్రిక పట్టేది, సానపెట్టేది, మళ్ళా చిత్రిక పట్టేది. మా నాయన ఉండింటే ఈపొద్దు కండ్లల్లో నీళ్ళు పెట్టుకునేవాడు."

"బాగుంది తాతా," అన్నాను.

"ఏముండె దాంట్లో? అంతా వంకర. అట్లే ఇచ్చింటే, బెంగుళూరోళ్ళు నాకు మొద్దు ఇచ్చినారని వాళ్ళ ఊర్లో చెప్పుకోడా?"

శిల్పి లేచి చుట్టూ తిరిగారు. అరచెయ్యి ఒక పలక మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపారు. మళ్ళీ ఒకసారి తిరిగారు. తర్వాత నా దగ్గరకి వచ్చి, చిన్న గొంతుతో అడిగారు.

"మామా, అవ్వ ఏది?"

"ఏమంటాడమ్మా?" అన్నారు తాత.

"చాలా బాగుందంటున్నారు," అన్నాను.

అది పూర్తిగా అబద్ధమూ కాలేదు. ఎందుకంటే శిల్పి వెంటనే తాత రెండు చేతులూ పట్టుకుని 'ఫుండి' అన్నారు. వాళ్ళ భాషలో పని తెలిసినవాడని అర్థమట. ఆ తర్వాత, ఆ పెట్టెతో ఇంకేం చేయాలో తోచనట్టు, దాని మీద కూర్చున్నారు.

తునికి చేవ అంత లావున ఇంకో దుంగ ఏ డిపోలోనూ దొరకలేదు. మేడం కిందకి వచ్చి చూశారు. "కట్టె కట్టే కదా, ఇందులోనే చెక్కమనండి," అన్నారు.

"ఇందులో ఎవరూ లేరు," అన్నారు శిల్పి, కూర్చున్న చోటు తట్టి. "ఉన్నవాళ్ళందరూ బయట ఉండేవాళ్ళు."

మేడం నన్ను పైకి పిలిచారు. డబ్బు పెట్టినవాళ్ళకి స్తంభం చూపిస్తామని పోస్టరు వేశాం. ఇప్పుడు స్తంభం లేదు. ఎందుకు లేదో ఒక పేరా రాసివ్వాలి. "ఇలా చేయమని ఎవరు చెప్పారు?" అని అడిగారు. "ఆచారిగారు తనే..." అన్నాను. ఆ వాక్యం నేను ముగించలేదు. మేడం ముగించారు.

ఆ పేరా రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి ఇలా వచ్చింది: 'కావలసిన పని దుంగ అడుగు భాగాన్ని సమం చేయడం, వడ్రంగి దుంగ మొత్తాన్ని చదరం చేశారు.' ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఏ మాటకి మూలమట్టం పెట్టి చూసినా వెలుతురు దూరదు. కావలసిన పని ఏదో వడ్రంగికి ఎవరైనా చెప్పారా అన్నది మాత్రం అందులో లేదు. మేడం చదివి, "ఇక పీఠాలకి ఇంకెవరినైనా చూడండి," అన్నారు. నేను తల ఊపాను. కిందకి వచ్చి ఇంకొకరిని చూశాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట. ఆఫీసులో అబద్ధం చెప్పాల్సిన అవసరం దాదాపు రాదు. నిజాన్ని ఎక్కడ కోసి ఆపాలో తెలిస్తే చాలు. నాకు ఆ రోజు తెలిసింది. నేర్చుకోవలసిన విద్య అని చెప్పడం లేదు.

మర్నాడు శిల్పి అడిగారు. "తీసేసిన చెక్కలు ఎక్కడ?"

తాత వాళ్ళ సందుకి వెళ్ళాం. కోసిన చెక్కపేళ్ళు ఆయన ఎప్పుడూ ఎదురింటి అవ్వకి ఇచ్చేస్తారట. ఆవిడ ఇంట్లో ఇప్పటికీ స్నానాలకి కట్టెల పొయ్యి మీద హండెలో నీళ్ళు కాస్తారు. మేం వెళ్ళేసరికి పొయ్యి రగులుతోంది. పక్కన గోడకి బెరడుతో సహా నల్లటి చెక్కలు పేర్చి ఉన్నాయి. ఆవిడ లెక్కకి మొత్తం పది ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి. ఒకటి పూలకుండీ కింద ఎత్తుగా పెట్టుకుంది. అది అడిగితే ఇచ్చింది.

"ఇంకోటి ఉండాల అవ్వా. పక్కన గడ్డలాగా బుడిపె ఉండేది."

"అదా! అదే గదమ్మా మొన్న పెట్టినా. ఏం కాలిందనుకుంటివి! రెండు హండెల నీళ్ళు ఒక్క దాంతో కాగె. ఇంటిల్లిపాదీ తలకి పోసుకునిరి."

శిల్పి నా ముఖం చూశారు. చెప్పక తప్పలేదు.

"అవ్వ... నీళ్ళు కాచింది," అన్నాను. "ఇంట్లో అందరి స్నానాలకీ."

ఆయన పొయ్యి వైపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, గోడ పట్టుకుని నవ్వారు. "ఏ అవ్వయినా పొద్దున లేచి చేసే పని అదే కదా," అన్నారు. ఇంటావిడకి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వి, మాకు చెరో గ్లాసు కాఫీ ఇచ్చింది.

మేం చెక్కలు ఆటోలో ఎక్కిస్తుంటే తాత గడప దాటి వచ్చారు. "చెత్త ఎందుకమ్మా తీసుకోని పోతా ఉండారు?"

"చిన్న బొమ్మలకి తాతా."

"మంచి కట్టె చేసిచ్చినా గదా. చెత్తతో చేసేదెందుకు?" అని, కొంచెం ఆలోచించి తనే జవాబు చెప్పుకున్నారు. "ఓ, ముందు చెయ్యి కుదురుకునేకి. సరేలే. పెద్దదానికి తొందరేమి?"

పెద్దది లేదని నేను చెప్పలేదు.

శిల్పి పన్నెండు రోజులు ఆ తొమ్మిది చెక్కలు చెక్కారు. ఆ నల్ల పెట్టె మీద కూర్చుని, చెక్కను రెండు పాదాల మధ్య బిగించి, బాడిసతో కొట్టేవారు. ఒక్కొక్క బొమ్మకీ ముందువైపు మాత్రమే ఉంది. మెలిక వెంట ఎక్కేవాడు ఎక్కుతున్నాడు, నల్లటి ఒళ్ళు, భుజం చివర తెల్లటి అంచు. గుంతలో దాక్కున్నది ఎవరో కూడా తెలిసింది: మోకాళ్ళలో తల పెట్టుకున్న ఒక ఆడమనిషి. వెనక్కి తిప్పితే అందరికీ ఒకటే వీపు, తాత రంపం కోసిన పలక.

చివరి శనివారం అందరినీ షెడ్డుకి రమ్మన్నాం. తొమ్మిది బొమ్మలూ గోడకి ఆనించి వరుసగా నిలబెట్టాం. మేడం డబ్బు పెట్టిన ఇద్దరు పెద్దమనుషులను తిప్పి చూపిస్తున్నారు. అందులో ఒకాయన నల్ల పెట్టె ముందు చాలాసేపు ఆగి, ఇది చాలా లోతుగా ఉందని అన్నారు. శిల్పి వినయంగా దాని మీంచి లేచి, ఆయన చూడ్డం అయ్యాక మళ్ళీ కూర్చున్నారు.

తాత వచ్చారు. నేను పిలవలేదు. పోస్టరు చూసి వచ్చారట. అదే ఇస్త్రీ చొక్కా. బొమ్మల ముందు ఒక్కొక్కదాని దగ్గరా వంగి చూశారు. ఒకదాన్ని తిప్పి వెనక పలక మీద వేలు పెట్టి, తన రంపం జాడను గుర్తుపట్టారు. తర్వాత పెద్ద దుంగ వైపు చూశారు. అది ఎలా ఇచ్చారో అలాగే ఉంది. శిల్పి పక్కకి జరిగి చోటిచ్చారు. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు.

"మామా, ఈయనని ఒకటి అడగాలి," అన్నారు శిల్పి. "కోపంతో కాదు. తెలుసుకుందామని. వంకర దుంగను ఇలా చేయాలని ఆయనకే అనిపించిందా, ఎవరైనా చెప్పారా?"

మేడం రెండడుగుల దూరంలో ఉన్నారు. పెద్దమనుషులు కూడా ఆగి వింటున్నారు. నేను తాతని అడిగాను. అడిగింది మాత్రం సరిగ్గానే అడిగాను.

"ఈ పాపే గదప్పా చెప్పింది," అన్నారు తాత, శిల్పికి నేరుగా, నా వైపు వేలు చూపించి. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "సమంగా చేసి పెట్టమన్నె. గెస్టు మర్యాద గదా అంటే, అవునన్నె. ఆయమ్మ చెప్పినట్టే చేసినా."

అందరూ నా వైపు తిరిగారు. అక్కడ నిలబడి విన్నవాళ్ళలో ఆయన మాట అర్థమైంది నాకొక్కదానికే.

"మీ మీద గౌరవంతో చేశానంటున్నారు," అన్నాను ఇంగ్లీషులో.

పెద్దమనుషులు బాగుందన్నట్టు తల ఊపారు. మేడం వాళ్ళను పైకి తీసుకెళ్ళారు. శిల్పి మాత్రం నా ముఖం వైపు, తాత వేలు వైపు, మళ్ళీ నా ముఖం వైపు చూశారు. వేలికి అనువాదం అక్కర్లేదు. తాత భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు.

విమానాశ్రయానికి బయల్దేరేటప్పుడు ఆయన నాకు చెప్పింది ఒక్కటే. "ఆ పీట ఫుండిది. ఆయనకి చేర్చు." చేరుస్తానన్నాను. తర్వాతి వారం నా కాంట్రాక్టు పొడిగించారు. దుంగను చేర్చాలంటే తాత ముఖం చూడాలి. అది షెడ్డులో ఒక మూలన ఉండిపోయింది. ప్రసూతి సెలవు అయ్యాక పాపని వదిలి రాలేక ఉద్యోగం మానేశాను. షెడ్డు ఖాళీ చేస్తున్నారని తెలిసి, చెత్తలోకి పోకుండా దుంగను మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. లిఫ్టు రెండుసార్లు ఆగిపోయింది.

ఇప్పుడు పాపకి పది నెలలు దాటాయి. పట్టుకుని నిలబడుతోంది. ఇంట్లో అది పట్టుకుని నిలబడేంత ఎత్తున, కదలకుండా ఉండేది ఆ దుంగ ఒక్కటే. దాని నాలుగు అంచులూ కత్తుల్లాంటివి. నేను అంచులకి ఫోమ్ అంటించాను. పాప పీకి నోట్లో పెట్టుకుంది. మళ్ళీ అంటించాను. మళ్ళీ పీకింది. పోయిన నెల ఒకరోజు నుదురు అంగుళం తేడాలో తప్పింది. ఆ మధ్యాహ్నం ఆచారి తాతకి ఫోన్ చేశాను.

ఆయన బస్సులో వచ్చారు, పనిముట్ల సంచితో. గేటు దగ్గర పేరు, పని, ఫోన్ నంబరు అన్నీ రాయించుకున్నారట. లోపలికి వస్తూనే మా తలుపు చట్రం చూశారు. "ఇది కూడా సరిగ్గా లేదు," అన్నారు. తర్వాత దుంగను చూశారు. మూలమట్టం తీసి ఒక అంచుకి ఆనించి, కిటికీ వైపు తిరిగారు.

"ఏడాదిన్నరయింది. వెంట్రుకంత కూడా కదల్లేదు," అన్నారు.

అప్పుడు చెప్పాను. ఫోన్లో నేను మింగేసిన రెండు మాటలు, ఆఫీసుకి రాసిచ్చిన పేరా, ఆ శనివారం ఆయన మాటల్లో నేను వదిలేసిన సగం, ఈ పీట ఆయనదేనన్న సంగతి. అన్నీ చెప్పాను. ఆయన అంచు మీద బొటనవేలు నడుపుతూ విన్నారు.

"తెలుసులేమ్మా."

"ఎలా తాతా?"

"పీఠాలకి పిలుపు రాకపోతే పోయి అడిగినా. వాచ్‌మన్ చెప్పినాడు, నా పేరు రాసి తీసేసినారని. నువ్వు అప్పుడు కడుపుతో ఉంటివి గదా?"

"మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేది? ఫోన్ పెట్టెయ్యకుండానే కక్కుకుంటివి. ఇద్దరు కోడండ్లు ఉండారు నాకు, ఆ శబ్దం తెలీదా? ఆపొద్దే మా ఇంట్లో చెప్పినా, ఆ పాపకి నెల తప్పింది అని."

నేను దాచిన రహస్యం మొదటి నుంచీ చిక్కపేట సందులో అందరికీ తెలుసన్నమాట. తెలిసి కూడా ఆ శనివారం ఆయన నా వైపు వేలు చూపించారు, అడిగినదానికి జవాబు అదే కాబట్టి.

"పీట తీసుకెళ్ళండి తాతా."

"యాడ పెట్టేది నా ఇంట్లో? బిడ్డ పట్టుకోనుండాది గదా, ఉండనీ. ఇప్పుడేం చేయాల చెప్పు."

"మూలలు కొంచెం గుండ్రంగా చేసి పెట్టండి."

ఆయన చెవి మీంచి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టారు. "కొంచెం అంటే ఎంత? గీసియ్యి."

"మీకు తెలుసు కదా తాతా."

"నాకు తెలిసింది నేను ఒకసారి చేసినా," అన్నారు. "ఈసారి గీసియ్యి."

పాపని చంకలో పెట్టుకుని గీశాను. నల్ల కట్టె మీద పెన్సిల్ గీత వెండిలా మెరిసింది. సగంలో పాప చెయ్యి లాగింది. గీత లోపలికి పోయి, మళ్ళీ బయటికి వచ్చింది.

"వంకరపోయె," అన్నారు.

"స్కేలు పెట్టి మళ్ళీ గీయనా?"

"వొద్దు. గీసినట్టే చేస్తా. మళ్ళా నేనే సొంతంగా ఏదో చేసినానని రాస్తావు."

ఉలితో, తర్వాత చిత్రికతో, చివరికి ఉప్పు కాగితంతో, ఆ ఒక్క అంచుకే మూడు గంటలు పట్టింది. గీత ఎక్కడ లోపలికి పోయిందో అంచు అక్కడ లోపలికి పోయింది. ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడ ఒక బుడిపె మిగిలింది. అయ్యాక ఆయన అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి జరిపారు. మళ్ళీ ఒకసారి జరిపారు. శిల్పి చేసినట్టే చేశారు కానీ ఆ మాట నేను అనలేదు.

"మిగతా మూడు?" అన్నాను.

"అవి గోడవైపు తిప్పి పెట్టుకో," అని సంచి కట్టుకున్నారు.

ఆయన వెళ్ళాక మేడంకి మెయిల్ రాశాను. అప్పటి రిపోర్టులో ఒక విషయం లేదు, అడుగు మాత్రమే సమం చేయాలని ఆచారిగారికి చెప్పవలసింది నేను, చెప్పలేదు అని. మర్నాడు జవాబు వచ్చింది: 'గమనించాము.'

గమనించడానికీ పని ఇవ్వడానికీ మధ్య దూరం ఉంటుంది. అందుకని ఫోన్ చేసిన అమ్మాయికి నేను పంపిన చెక్‌లిస్టు చివర, ఆసుపత్రి నంబరు కింద, ఆచారి తాత నంబరు కలిపి మళ్ళీ పంపుతున్నాను. ఆ వచ్చే ఆర్టిస్టుకి పీఠం కావాలంటే ఆయనకే చెప్పు. నోటితో చెప్పకు. గీసి ఇవ్వు. ఆయన గీసినట్టే చేస్తారు, అందుకని ఇచ్చే ముందు నీ గీత నువ్వే ఒకసారి చూసుకో.